మూఢం నాటి గొంతు

మా ఆయన చేతులు వణకకపోయి ఉంటే మేము రసమట్టం జోలికి వెళ్ళేవాళ్ళమే కాదు.

కడియం దగ్గర మాకు నర్సరీ ఉంది. గులాబీలు, మామిడి, సపోటా, ఈమధ్య కొత్తగా అవకాడో. మొక్కలకి నీళ్ళు చల్లడానికి డ్రోన్లు వచ్చాయి, సంచుల్లో మట్టి నింపడానికి యంత్రాలు వచ్చాయి. అంటు కట్టడానికి మాత్రం ఇంకా మనిషి చెయ్యే కావాలి. నాటు మొక్క కాండాన్ని సన్నగా చీల్చి, మేలు రకం పుల్లని చెక్కి అందులో దూర్చి, గాలి చొరకుండా రిబ్బన్ చుట్టాలి. బ్లేడు పిసరంత పక్కకి పోయినా రెండూ ఎండిపోతాయి. మణికంఠ చెయ్యి పడితే ఎండుపుల్లయినా చిగురిస్తుందని లంకల్లో చెప్పుకొనేవారు. మణికంఠ అంటే మా ఆయనే. ఆ పొగడ్త విని మురిసిపోయి, ఆ చేతులకి ఆవకాయ ముద్దలు కలిపి పెట్టినదాన్ని నేనే.

పెళ్ళయిన రెండో ఏట ఆయనకి బైపోలార్ జబ్బు ఉందని బయటపడింది. ఆ వేసవంతా నిద్ర లేదు. మలేషియాకి మొక్కలు ఎగుమతి చేస్తానని ఎక్కడెక్కడి పొలాలో కౌలుకి మాట్లాడారు. దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి మొక్కలు ఉత్తినే పంచారు. అడ్డుపడితే నన్ను తోసేశారు. తర్వాత వానాకాలమంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం తినమంటే ఏడ్చేవారు, వద్దులెండి అంటే అందుకూ ఏడ్చేవారు. అప్పటినుంచి మా ఇంట్లో పండగలకన్నా ఆసుపత్రి తేదీలే గట్టిగా గుర్తుండేవి. లిథియం బిళ్ళలు, వాటి మోతాదు రక్తంలో ఎంతుందో పరీక్షలు, వేళకి నిద్ర, వేళకి తిండి. మాట వేగం పెరిగిందా, ఖర్చు పెరిగిందా, నిద్ర తగ్గిందా అని నేను కనిపెట్టి చూడటం. మొగుడితో కాపురం చేస్తున్నానో, కాపలా కాస్తున్నానో నాకే తెలిసేది కాదు.

మధ్యలో జబ్బు ఒకట్రెండుసార్లు తిరగబెట్టినా, బిళ్ళలు పనిచేయలేదని అనను. వాటివల్లే మనిషి మిగిలారు. కాని వాటితోపాటు చేతుల్లో వణుకు వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే తొణికేది. ఒకరోజు వరసగా నాలుగైదు గులాబీ అంట్లు పాడుచేసి, బ్లేడు తుడిచి డబ్బాలో పెట్టేసి, ఇకనుంచి లారీ లోడ్లు చూసుకుంటానన్నారు. మనిషి గొంతులో బాధ కూడా లేదు. అది నాకు ఇంకా బాధ అనిపించింది.

నా బెంగ అది ఒక్కటే కాదు. నాకు మూఢం నాటి మనిషి కావాలి.

తాంబూలాలు పుచ్చుకున్న కొద్దిరోజులకే మూఢం వచ్చింది, ఆ వెనకే ఆషాఢం. ముహూర్తాలు లేవు. అన్నాళ్ళూ పిల్లా పిల్లాడూ ఎదురుపడటానికి వీల్లేదని మా నాయనమ్మ పట్టుబట్టింది. ఫోన్‌లో మాట్లాడుకున్నా ఒప్పుకోదు. గొంతు రికార్డు చేసి పంపుకుంటే అది మాట్లాడుకోవడం కాదని మా ఆయన ఒక సందు కనిపెట్టారు. ఇక చూడండి! పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నాలుగు. “లోవా, ఇవాళ ఏం జరిగిందో తెలుసా?” అని మొదలయ్యేది ప్రతిదీ. బేరమాడిన పెద్దమనిషికి కాగితంపూల మొక్కని కాశ్మీరు గులాబీ అని చెప్పి చివర్లో నవ్వేసి నిజం ఒప్పుకున్న సంగతి. గోదావరి వరద నీళ్ళలో మునిగిన మల్లె మడిని రోజూ వెళ్ళి పలకరించి వస్తున్న సంగతి. మాకు పుట్టబోయే పిల్లకి ఏ పువ్వు పేరు పెట్టకూడదో, ఎందుకు పెట్టకూడదో. నా పేరు లోవకుమారి. తలుపులమ్మ లోవలో మొక్కుకుంటే పుట్టానని పెట్టిన పేరు. బడిలో అందరూ వెక్కిరించిన ఆ పేరు ఆయన నోట్లో పడ్డాక గాని నాకు నచ్చలేదు. నేను మనిషి కన్నా ముందు గొంతుని ప్రేమించాను. ఇన్నేళ్ళ జబ్బులోనూ ఆ గొంతు ఎప్పటికైనా తిరిగి వస్తుందనే ఆశతోనే ఉన్నాను.

కాకినాడలో మనోమాపన కేంద్రం అని ఒక పరిశోధనశాల పెట్టారని, అక్కడ కొత్త పరికరం ప్రయత్నిస్తున్నారని మా డాక్టరే పంపారు. అక్కడి పెద్ద డాక్టరు రెహానా గారు. సన్నగా, నెరిసిన జుట్టుతో, ఎదుటివాళ్ళు మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగే మనిషి. డాక్టర్లలో ఆ గుణం నేను మొదటిసారి చూశాను. ఆవిడ బల్ల మీద తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి ఉంది. దాన్ని మా ముందు పెట్టి, ఒక కొసని వేలితో ఎత్తారు. గాజు గొట్టంలో బుడగ పక్కకి జారింది. దించారు. మధ్యకి వచ్చింది.

“మేము చేసిందీ ఇదే పని చేస్తుంది. అందుకే ఆ పేరే పెట్టుకున్నాం,” అన్నారు. “కాలర్ ఎముక కింద, చర్మం లోపల, చింతగింజంత ఉంటుంది. మీ మాట వింటుంది, నాడి వింటుంది, నిద్ర చూస్తుంది. మనసు ఎటైనా వాలుతుంటే మీకన్నా ముందే కనిపెట్టి, మెడలో నరాన్ని కాస్త తట్టి మధ్యకి తెస్తుంది. ఎన్నిసార్లు వాలితే అన్నిసార్లూ తడుతుంది. మీకు తెలియదు.”

“బిళ్ళలు మానేయొచ్చాండీ?” అని మా ఆయన అడిగారు.

“మానేయకూడదు. అంతా కుదురుగా ఉంటే నెమ్మదిగా తగ్గిస్తాం. చేతుల వణుకు తగ్గుతుంది.”

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. ఆ చూపుతోనే మేము ఒప్పుకున్నట్టయింది.

“ఒక్కటుంది,” అన్నారు రెహానా గారు. “మధ్య ఎక్కడో దానికి పుట్టుకతో తెలియదు. మనిషి మనిషికీ మధ్య వేరు. బాగున్నప్పటి మీ గొంతు దానికి బోలెడంత వినిపించాలి. ఇంట్లో మనిషి ఒకరు సాక్షిగా కూర్చుని, విన్న ప్రతిదానికీ ‘ఇదే’ అని చెప్పాలి. యంత్రం ఆ మనిషి మాట నమ్ముతుంది. జబ్బు బయటపడకముందు రికార్డు చేసిన గొంతు ఏమైనా ఉందా?”

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఉందా అని అడుగుతారేంటి! పాత ఫోన్ పాడైనా ఆ మాటలన్నీ దాచుకుని ఎన్ని ఫోన్లు మార్చానో. ఆసుపత్రి మొహం చూడకముందు, పెళ్ళికి కూడా ముందు, ఏ బిళ్ళా తాకని గొంతు. రెహానా గారి మొహం వెలిగిపోయింది. ఇంత మంచి నమూనా ఇంతవరకు ఎవరూ తేలేదన్నారు.

ఆ మర్నాడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గాజు గదిలో కూర్చున్నాను. “లోవా, ఇవాళ ఏం జరిగిందో తెలుసా?” అని మొదలైంది. “ఇదే,” అన్నాను. ఇంకొకటి. “ఇదే.” ఇంకొకటి. కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ, సాయంత్రం దాకా “ఇదే, ఇదే” అంటూనే ఉన్నాను. అద్దం అవతల మా ఆయన చొక్కా గుండీలు విప్పి, పరికరం పెట్టిన చోట, కాలర్ ఎముక మీద దూది వేయించుకుంటున్నారు.

పరికరం కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. బిళ్ళల మోతాదు మెల్లగా తగ్గించుకొచ్చారు. రక్తపరీక్షలు మామూలే. మాకు ఫోన్‌లో ఒక బొమ్మ ఇచ్చారు. గొట్టం, అందులో బుడగ. బుడగ మధ్యలో ఉంటే ఆకుపచ్చ. వాలితే పసుపు, మరీ వాలితే ఎరుపు. అది ఆకుపచ్చలోనే ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున్న కొనుగోలుదార్లతో బేరం తెగక నేను గొంతు చించుకుంటుంటే మొక్కలకి నీడ కోసం కట్టిన షేడ్ నెట్ కిందనుంచి పిలుపు వినబడింది.

“లోవా! ఇలా రా! ఏం జరిగిందో తెలుసా?”

పరిగెత్తాను. ఆయన బ్లేడు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ముందు వరసగా గులాబీ అంట్లు. చెయ్యి చాపి చూపించారు. అరచేయి నీడ కూడా కదలడం లేదు. పనివాళ్ళ ముందే ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. సిగ్గులేదని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

ఆ తర్వాతి రోజులు నేను ఇంకెవరికీ ఇవ్వను. ఆయన మాట్లాడారు. అన్నం తింటూ, మొక్కలు సర్దుతూ, నేను చీర మడతపెడుతుంటే రెండో కొస పట్టుకుని మాట్లాడారు. ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి ఆపి, పులస చేప ఈదుతూ ఏమనుకుంటుందో చెప్పి నన్ను కడుపుబ్బ నవ్వించారు. కొత్త రంగు గులాబీ ఒకటి కట్టి దానికి నా పేరు పెట్టి, బోర్డు రాసి గుచ్చారు. “లోవకుమారి, ముళ్ళు ఎక్కువ, జాగ్రత్త” అని. నేను మళ్ళీ మల్లెపూలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆయన్ని చూస్తూ చూస్తూ పాలు పొంగించాను, ఒకసారి కాదు. మా ఆడపడుచు వీరవేణి వదిన పక్కవీధిలోనే ఉంటుంది. ఆవిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, “ఏటమ్మాయ్, కొత్త పెళ్ళికూతురి కళ వచ్చేసిందీ?” అని బుగ్గ గిల్లింది. వచ్చిందనే చెప్పాను.

మా అమ్మాయి ధాత్రి పుస్తకాల సంచి ఇంట్లో కనిపించడం లేదని గమనించడానికి నాకు చాలా రోజులే పట్టింది. మూడో తరగతి పిల్ల. బడినుంచి నేరుగా వీరవేణి వదిన ఇంటికి వెళ్ళి అక్కడే చదువుకుంటోంది. తిండి అక్కడే, చాలాసార్లు పడక కూడా అక్కడే. అత్త గారాబం అనుకున్నాను. ఒక ఆదివారం జడ వేస్తూ అడిగాను.

“అక్కడేముందే అంత? ఇంట్లో నాన్న ఎంత సరదాగా ఉంటున్నారో చూడవా?”

“నాన్నకి మళ్ళీ వస్తోందిగా,” అంది.

జడ లాగి గదమాయించాను. “ఏం వస్తోందే? నోటి దూల కాకపోతే! నాన్నకి బాగైంది.”

“నాన్న నవ్వు అలాగే ఉందమ్మా. అప్పుడూ ఇలాగే నవ్వారు. తర్వాత నా సైకిలు ఎవరికో ఇచ్చేశారు.”

ఫోన్ తీసి దాని కళ్ళముందు పెట్టాను. బుడగ మధ్యలో ఉంది, ఆకుపచ్చగా. “చూడు. మిషను చెప్తోంది, నాన్న బాగున్నారని.”

అది చాలాసేపు చూసింది. “మిషనుకి తెలీదేమో,” అని జడ సగంలోనే లేచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. నా సుఖం చూసి ఓర్వలేనిది నా కడుపునే పుట్టిందా అని కూడా అనుకున్నాను. కాని ఆరోజునుంచి నా పాత కాపలా కళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. తెరుచుకున్నాక మూసుకోవడం నా వల్ల కాలేదు. కంచంలో సగం అన్నం అలాగే వదిలేస్తున్నారు. ప్యాంటుకి బెల్టులో కొత్త బెజ్జం పడింది. నేను లేచేసరికే ఆయన స్నానం కూడా అయిపోయి, మడుల మధ్య తిరుగుతూ ఉంటారు. అయినా బుడగ కదలదు. ఏ రోజు చూసినా ఆకుపచ్చే.

వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ పెరట్లో చాట ముందేసుకుని కందిపప్పు ఏరుతోంది. నేనూ పక్కన కూర్చుని రాళ్ళు ఏరుతూ, మాటల్లో మాటగా అడిగాను.

“వదినా, మా మూఢం రోజుల్లో ఈయన ఇంట్లో ఎలా ఉండేవారు?”

వదిన నవ్వింది. “ఎలా ఉండేవోడా? ఆడికి కాళ్ళు నేలమీద ఆనితే కదా! పడుకునేవోడే కాదు. అమ్మ కంచంలో అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయేవోడు. ఈ బావి చుట్టూ తిరుగుతా ఫోన్‌లో నీకు చెప్పుకుంటానే ఉండేవోడు. మనిషి పుల్లలా అయిపోయాడు. పెళ్ళి హుషారని మేమందరం ఏడిపించేవాళ్ళం. పెళ్ళికొడుక్కి నిద్ర పట్టకపోతే ఆసుపత్రికి ఎవరైనా తీసుకెళ్తారేటి?”

“తర్వాత?”

“నువ్వు కాపురానికొచ్చిన కొన్నాళ్ళకి సర్దుకున్నాడు. అసలు ఆడు నెమ్మదస్తుడే లోవా. చిన్నప్పుడు ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు. ఆ నెలలే అదోలా...” వదిన చెయ్యి చాటలో ఆగిపోయింది. నా మొహం చూసింది. “ఏటే, ఏమైంది?”

ఏమీ కాలేదని చెప్పి లేచాను. వీధిలోకి వచ్చాక ఇల్లు ఎటో కాసేపు గుర్తు రాలేదు.

రెహానా గారు నా మాటలు చివరిదాకా విన్నారు. మా ఆయన బరువు, నాడి, నిద్ర గంటలు తెరమీద మళ్ళీ చూసుకున్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

“తప్పు మాదేనమ్మా. జబ్బు బయటపడకముందు అంటే జబ్బు లేనట్టే అనుకున్నాం. ఆ రోజుల్లో నిద్రపోయేవారా అని ఒక్క ప్రశ్న అడగలేదు. మీ దగ్గరున్న ఆ గొంతు జబ్బు మొదటి మెట్టు. పైకి వెళ్తున్నప్పటి గొంతు. దాన్నే మధ్య అని మేము పరికరానికి నేర్పాం. అది నమ్మకంగా ఆయన్ని రోజూ అక్కడికే ఎత్తి నిలబెడుతోంది.”

“అంతకన్నా పైకి పోవడం లేదుగా?” అన్నాను. నా గొంతులో బేరమాడే నర్సరీ మనిషి నాకే వినబడింది. “అక్కడే నిలబెట్టి ఉంచండి. హాయిగా ఉన్నారు. పనిచేసుకుంటున్నారు. ఎవరినీ ఏమీ అనడం లేదు.”

“ఒళ్ళు ఊరుకోదు. తిండీ నిద్రా లేకుండా గుండె ఎన్నాళ్ళు పరిగెడుతుంది? పైగా ఆ మెట్టు మీద ఎవరూ ఎక్కువకాలం నిలబడరు. ఒకరోజు పరికరం ఆపలేనంత పెద్ద విసురు వస్తుంది. అది ఎప్పుడన్నది నేను చెప్పలేను. వస్తుందని మాత్రం చెప్పగలను.”

కొత్తగా మట్టం వేయాలన్నారు. పోయిన చలికాలం జబ్బు పైకీ కిందికీ పోకుండా కొన్ని నెలలు ఊరుకుంది. అప్పుడు మా డాక్టరు దగ్గరికి పరీక్షలకి వెళ్ళినప్పుడు ఆయన మాట్లాడినవి అక్కడ రికార్డు చేసి ఉంచారట, అవి తెప్పించారు. ఒకటి వినిపించారు. “బాగానే ఉన్నానండి. నిద్ర పడుతోంది. మొక్కలకి తెల్లదోమ పట్టింది, మందు కొట్టాం. అంతేనండి.” ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతుతో ఒకే ఇంట్లో కూర్చుని, జబ్బు ఇంకా పూర్తిగా తగ్గలేదు, మా ఆయన ఇంకా రాలేదు అని ఎదురుచూసినదాన్ని. అదే మా ఆయనట.

“ఆయన ఒప్పుకోవాలి. బలవంతంగా చేయను,” అన్నారు రెహానా గారు. “సాక్షిగా మళ్ళీ మీరే కూర్చోవాలి.”

ఆ మధ్యాహ్నం షేడ్ నెట్ కింద చెప్పాను. ఆయన అంటు కడుతూనే విన్నారు. రిబ్బన్ ముడివేసి, మొక్కని పక్కన పెట్టి, నవ్వారు.

“పిచ్చి డాక్టర్లు లోవా. బాగున్నవాణ్ణి బాగుచేస్తానంటారు. నేనిలా ఉంటే వాళ్ళకేంటి నష్టం? చెయ్యి చూడు. కొత్త గులాబీ చూడు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడున్నాను?”

“అన్నం తినడం లేదండీ మీరు.”

“ఆకలేస్తే తింటాను. నన్ను మళ్ళీ ఆ మొద్దుతనంలో పెట్టి మూత పెడతావా?” గొంతు పెరిగింది. దూరంగా సంచులు మోస్తున్న పనివాళ్ళు ఆగి చూశారు. ఆయన లేచి నా భుజాలు పట్టుకున్నారు. గట్టిగా కాదు. “నా కళ్ళలోకి చూసి చెప్పు. నీకు నేను ఇలా వద్దా?”

ఆ క్షణం అబద్ధం చెప్పడం నా చేతకాలేదు.

“కావాలి,” అన్నాను. “ఇలాగే కావాలి. మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ నేను కావాలనుకోలేదు. పెళ్ళికి ముందునుంచీ మీరే. ఇన్నాళ్ళూ మీకోసమే కూర్చున్నాను.”

“మరి?”

“ధాత్రి ఎక్కడుంటోందో తెలుసా మీకు?”

ఆయన నోరు తెరిచారు. ఏదో సరదా మాట రాబోయింది. రాలేదు. ఇంటివైపు చూశారు, మళ్ళీ నావైపు చూశారు. ఇన్ని వారాలుగా పిల్ల ఇంట్లో పడుకోవడం లేదని ఆయనకి ఇప్పుడే తెలుస్తోందని నాకు అర్థమైంది.

“మీరు నవ్వుతుంటే దానికి భయమండీ,” అన్నాను. “నాకిష్టమైన నవ్వే.”

చేతులు తీసేశారు. చెప్పులు కూడా వేసుకోకుండా వదిన ఇంటివైపు వెళ్ళారు. నేను వెనక వెళ్ళలేదు. తండ్రీ కూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు. తిరిగొచ్చాక మాత్రం, “ఒక్కరోజు ఇవ్వు లోవా. తర్వాత కాకినాడ పోదాం,” అన్నారు.

ఆ ఒక్కరోజూ పడవెక్కి లంకలోకి వెళ్ళాం. ఇసుకలో కూర్చుని పెరుగన్నం తిన్నాం. ఆయన మాట్లాడారు. నేను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి అంటూనే ఉన్నాను. పడవ మళ్ళీ ఒడ్డుకి వస్తుంటే ఇద్దరికీ గొంతు బొంగురుపోయింది, ఆయనకి మాట్లాడి, నాకు ఏడుపు ఆపుకుని.

గాజు గదిలో ఈసారి ఆయన కూడా నా పక్కనే కూర్చున్నారు. హెడ్‌ఫోన్లలో ఆ నెమ్మది గొంతు మొదలైంది. బాగానే ఉన్నానండి. నిద్ర పడుతోందండి. తెల్లదోమ. నేను నోరు విప్పాలి. విప్పలేకపోయాను. ఇదే అంటే పక్కనున్న మనిషిని నేనే పంపేసినట్టు. అనకపోతే ఆయన్ని నేనే చంపుకున్నట్టు. తొందరేమీ లేదన్నారు రెహానా గారు. మా ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి వైపు చూస్తూ “ఇదే” అన్నాను. ఒకసారి అన్నాక తర్వాతవి అలవాటుగా వచ్చాయి. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆయన ఒక్కరోజులో పోలేదు. మాట మెల్లగా తగ్గుతూ వచ్చింది. ముందు పులస చేప కబుర్లు ఆగాయి. తర్వాత “ఏం జరిగిందో తెలుసా” ఆగింది. కంచం ఖాళీ అవసాగింది. ధాత్రి పుస్తకాల సంచి ఇంటికొచ్చింది. సాయంత్రాలు తండ్రి పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేది. ఆయన ఓపికగా వినేవారు. చేతులు వణకలేదు, అంట్లు కడుతూనే ఉన్నారు. రెహానా గారు సంతోషించారు. వదిన తలుపులమ్మ తల్లికి మొక్కు తీర్చుకుంది. అందరికీ అంతా బాగైంది.

నేను మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషికి అన్నం వడ్డిస్తూ ఆ మనిషి కోసమే బెంగపడ్డాను. భర్త పోయినవాళ్ళకి ఏడవడానికి పదిమంది తోడు వస్తారు. నా దగ్గరికి ఎవరొస్తారు, ఏమని వస్తారు? చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కున్నాను. ఆయన ఉప్పు అడిగితే డబ్బా గట్టిగా పెట్టాను. ఆయన ఏమీ అనేవారు కాదు. అనకపోవడం నాకు ఇంకా విసుగు తెప్పించేది.

ఆషాఢం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన తర్వాత, షేడ్ నెట్ కింద ఆయనకి పుల్లలు అందిస్తున్నాను. ఆయన ఒక అంటు కట్టి, పక్కన పెట్టి, రెండోది తీసుకోకుండా ఆగిపోయారు.

“లోవా, నాకవన్నీ గుర్తున్నాయి,” అన్నారు, నేలవైపు చూస్తూ. “నేనేం మాట్లాడానో, ఎలా నవ్వించానో. మళ్ళీ చేద్దామని కూర్చుంటాను. మాటలు రావు. వచ్చినా అంత బాగా ఉండవు.”

నేను చేతిలోని పుల్లలు కింద పెట్టాను.

“అతను పోయినందుకు నాకు అంత బాధ లేదు. నువ్వు అతన్ని చూసేదానివి చూడు, ఆ చూపు. పాలు పొంగిపోతున్నా తెలిసేది కాదు నీకు. నన్నెప్పుడూ అలా చూడలేదు. చూడవు కూడా, నాకు తెలుసు. తప్పు నీది కాదు.”

కాదండీ, చూస్తానండీ అని అనొచ్చు. వినసొంపుగానే ఉంటుంది. కాని సాక్షిగా కూర్చుని కూర్చుని నాకు అబద్ధం అలవాటు తప్పిపోయింది.

“నేనింకా ఆయనకోసమే చూస్తున్నానండీ,” అన్నాను. “రారని తెలుసు. అయినా గేటు చప్పుడైతే చూస్తాను.”

ఆయన తల ఊపారు. “నేనూ చూస్తాను,” అన్నారు.

అని, బ్లేడు జాగ్రత్తగా పక్కన పెట్టి, మోచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు.

నా చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. తెరిచాను. బుడగ మధ్యలోనే ఉంది. ఆకుపచ్చ. పరికరం ఆయన్ని ఎటూ నెట్టడం లేదు, ఎందుకంటే ఆయన ఎటూ వాలలేదు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో కారిన ప్రతి కన్నీటికీ ఒక బిళ్ళ ఉంది, ఒక పరీక్ష ఉంది. దీనికి లేదు. ఇది జబ్బు కాదు. ఒక మనిషి తనకి దక్కని దాని కోసం ఏడుస్తున్నాడు, అంతే. నాకు దక్కనిదీ అదే.

ఫోన్ మూసేశాను. ఆయన పక్కకి జరిగి కూర్చున్నాను. ఓదార్చలేదు. ఏడుపు తగ్గి, తల ఎత్తి, తడి మొహంతో ఆయన నావైపు చూసేదాకా, ఈ నెమ్మదస్తుడు ఎవరా అని, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.